ఒడుమ్ కర్ర చేప

సముద్రపొడ్డున మా ఊరు తేషీలో వడ్రంగి అషితే చేతికి రాని కర్ర లేదు. శవపెట్టెలకు అతను వాడేది వావా. మెత్తటిది, తేలికైనది, గోటితో నొక్కితే గాటు పడుతుంది. ఒడుమ్ అలా కాదు, చేవ కర్ర. దాన్ని ద్వారబంధాలకే దాచేవాడు.

ఒకరోజు పడవ యజమాని ఒడైతో తగువు పడి, "వచ్చే వేటకాలం నువ్వు చూడవులే" అన్నాడు. పక్కన విన్నది అషితే భార్య కొర్లే ఒక్కతే. నెల తిరక్కుండా ఒడై జ్వరంతో పోయాడు.

మా ఊళ్ళో పెట్టె మోసేవాళ్ళు తిన్నగా నడవరు. లోపలి మనిషి ఎటు లాగితే అటు పోతారు. తన చావుకు కారకుడెవరో వాడి గుమ్మం ముందు ఆగుతాడాయన. ఆ తరవాత ఆ ఇంటి మొక్కజొన్న కెంకే ముద్ద కుక్క కూడా ముట్టదు.

ఒడై భార్య దెదే వచ్చి, చేపలవేట మనిషికి చేప పెట్టే తగునని, ట్యూనా ఆకారంలో వావా పెట్టె చేయమంది. అషితే కొట్టు సరిగ్గా శ్మశానం దారిలోనే ఉంది.

"చేయనని చెప్పలేకపోయావా?" అంది కొర్లే.

"ఎందుకు చేయవని ఊరు అడగదా?"

"పోనీ, ఆ రోజు మా అమ్మ దగ్గరికి పో."

"పెట్టె చేసినవాడే కనపడకపోతే ఇంక అనుమానం దేనికి? నువ్వే దండోరా వెయ్యి, మా ఆయనే చంపాడని."

ఎటూ దారి కనిపించక ఒడుమ్ దుంగ బయటికి తీశాడు. అంత బరువైతే ఒడై ఎటూ లాగలేడని అతని లెక్క. రంపం పళ్ళు రాలాయి. నీలం రంగు పూశాక అది ఏ కర్రో ఆ చేపకే తెలియాలి.

అనుకున్నట్టే ఆ రోజు చేప ఊగలేదు, తూగలేదు, బుద్ధిగా నడిచింది. అషితే కొట్టులోంచే దణ్ణం పెట్టబోయాడు. అంతలో అది అతని గుమ్మానికి అడ్డంగా దిగింది. కొట్టుకు వేరే దారి లేదు. డప్పులు ఆగాయి.

"అన్నాను," అన్నాడు అషితే. "వేటకాలం చూడవని అన్నాను. కోపంలో అన్న మాటే గానీ నిన్ను చంపాలని కాదు, ఒడై బావా."

మోసేవాళ్ళలో పెద్దవాడైన సోవా మెడ తుడుచుకున్నాడు. "మంచినీళ్ళడుగుదామని దించాం మావా. ఏం కర్రతో చేశావు దీన్ని? నడుములు పోయాయి."

ఎవరూ నవ్వలేదు. దెదే వంగి పెట్టెను వేలితో కొట్టి చూసింది.

"నేను చెప్పింది వావా కదన్నా. ఆయన నీ ఇంటికి రాకూడదనా?"

అషితే కుండ తెచ్చి నీళ్ళు పోశాడు. నీళ్ళు తాగి వాళ్ళు ఎత్తబోతే చేప నేల వదల్లేదు.

"పెద్దాయనకి ఇంకా వినాలనున్నట్టుంది," అన్నాడు సోవా.

"విన్నది చాల్లే. ఇప్పుడు భుజం అడుగుతున్నాడు," అంది దెదే. "రా అన్నా, తల వైపు పట్టు."

అతను లోపలినుంచే చేప మూతి కింద భుజం పెట్టాడు. అప్పుడు లేచింది. శ్మశానం దాకా ఎగువ దారి. ఒడై తల అతని చెవి పక్కనే. మధ్యలో ఎవరైనా భుజం మారుస్తారేమోనని వెనక్కి చూడబోయాడు. మెడ తిరగలేదు. మారుస్తామని ఒక్కరూ అనలేదు.