నాలుగో వైపున అక్క గొంతు

రెండు నెలల కిందట ఒక ఆదివారం మా తెలుగు సంఘం హాలు నుంచి నా రెండు క్యాసెట్లు తిరిగి వచ్చాయి. పాత నాటకాల రికార్డింగులు ఎవరి దగ్గరైనా ఉంటే ఇవ్వండి, స్టూడియోలో బాగు చేయించి హాల్లో అందరికీ వినిపిస్తాం అని సూరత్‌లో మా గోడాదరా బస్తీలో ఇంటింటికీ కబురు పెడితే, ఎంతో ఆశతో పట్టుకెళ్ళి ఇచ్చినవి అవి. వాటికి రబ్బరు బ్యాండుతో ఒక చీటీ బిగించి ఉంది. ‘ఆడ గొంతు బాగాలేదు, చేయించి ప్రయోజనం లేదు’ అని అందులో రాసి ఉంది. సూరత్ మున్సిపల్ తెలుగు బడిలో ముప్ఫై ఏళ్ళు పిల్లల నోటుబుక్కులు దిద్దినదాన్ని నేను. ఆ చీటీని కొట్టేసినంత కోపంగా ఇంకెవరి రాతనూ కొట్టేసిన జ్ఞాపకం నాకు లేదు.

సంఘం కార్యదర్శి మా మరిదే. ఫోన్ చేసి అడిగితే పాపం మర్యాదగానే చెప్పాడు.

“జర సోంచాయించు వదినా. ముగ్గురం కూసోని విన్నం. మూడు వైపులు మంచిగనే ఉన్నయి. ఆఖరు వైపుకొచ్చేసరికి ఆ గొంతు పిట్ట కూసినట్టే ఉన్నది. కొత్త పిల్లలు వింటే నవ్వుతరు.”

“నవ్వితే నవ్వనీ. నేనే చేయించుకుంట” అని పెట్టేశాను.

ఆ గొంతు మా అక్కది. నలభై ఏళ్ళ కిందట కూడా సరిగ్గా ఆ మాటే అన్నారు, ‘పిట్టగొంతు’ అని. ఆ రోజు నాకు పదిహేడేళ్ళు, ఎదురు చెప్పడం చేతకాలేదు. ఇప్పుడు చేతనవుతుంది కాబట్టి, ఆ సంగతి మొదటినుంచీ చెబుతాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మనవాళ్ళు ఒక్కొక్క గదిలో ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలు సర్దుకుని ఉండేవాళ్ళు. మా బాపు అక్కడికి దగ్గరే ఉన్న ఉధ్నాలో సాంచాలు నడిపేవాడు. కరెంటు మగ్గాలను మేము సాంచాలనే అంటాం. అక్కా నేనూ ఇంట్లో కూర్చుని బాబిన్లు చుట్టేవాళ్ళం. మా పెద్దబాపుకు మాత్రం నాటకాల పిచ్చి. తెలంగాణలో మా ఊళ్ళో ఉన్నప్పుడు యక్షగానాల్లో రాజు వేషాలు కట్టిన మనిషి, సూరత్ వచ్చాక నేత పనిలో నడుం వంగిపోతున్నా సరే, తీరిక దొరికితే తానే పద్యాలు కట్టేవాడు. అలా కట్టినదే ‘కరువు కోట’. కరువులో జనం చస్తుంటే కోటలో గింజలు దాచుకున్న రాజును, ఒక నేతగాడి కూతురు నిండు దర్బారులో నిలదీసే కథ అది. మొదటి మూడు వంతులూ హాస్యం, దరువులు, ఊరి పంచాయితీ. ఆఖరి వంతు అంతా ఆ పిల్లే పాడాలి.

ఆ పిల్ల వేషం మా చిన్నాయనది. కోరమీసం తీసేసి చీర కట్టుకుంటే ఆయన్ను మా చిన్నమ్మే గుర్తుపట్టేది కాదు. రాత్రి పాళీ చేసేవాళ్ళు నిద్రలేచాక, మధ్యాహ్నాలు మా గదిలోనే రిహార్సల్స్ జరిగేవి. బాబిన్లు చుడుతూ వినీ వినీ మా అక్కకు నాటకం మొత్తం నోటికి వచ్చేసింది. ప్రదర్శనకు నెల రోజులుందనగా ఊళ్ళో మా నాయనమ్మకు పక్షవాతం వచ్చి చిన్నాయన బండెక్కి వెళ్ళిపోయాడు. ఇక నాటకం లేనట్టే అని అందరూ దిగాలుగా కూర్చున్నప్పుడు, మూలన ఉన్న అక్క తలెత్తకుండా, చేతిలో దారం ఆపకుండా, దర్బారు పద్యం అందుకుంది. నిండు బిందెలోంచి నీళ్ళు వంపినట్టు ఉండేది ఆమె గొంతు. కొంచెం బరువైన గొంతు, ఆడవాళ్ళలో అరుదు. పద్యం అయ్యేసరికి పెద్దబాపు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

సంఘం పెద్దలు ఒప్పుకోలేదు. పెళ్ళి కావలసిన పిల్ల మగవాళ్ళ మధ్య స్టేజీ ఎక్కితే నాలుగూళ్ళవాళ్ళు నవ్వుతారన్నారు, ఎక్కిస్తే ప్రదర్శనకు స్థలం ఇచ్చేది లేదన్నారు. బాపు తల దించుకుని వచ్చేశాడు. పెద్దబాపు మాత్రం అక్కడే నిలబడి, “స్టేజీ ఎక్కొద్దన్నరు, ఎక్కదు. టేపుల పాడొద్దని ఎవ్వలూ అనలే గద” అన్నాడట. ఆ మాట మా బస్తీలో చాలాకాలం చెప్పుకున్నారు.

టేప్ రికార్డర్ ఉన్న మనిషి ఉధ్నా స్టేషన్‌లో ఉద్యోగం చేసే ఒక కోస్తా ఆయన. మాకు చుట్టమేం కాదు. తెలుగు మాట వినపడితే చాలు ఆగిపోయే మనిషి కాబట్టి పిల్లలమంతా ఆయన్ను రైల్వే బాబాయి అనేవాళ్ళం. హార్మోనియం ఆయనే వాయించేవాడు. మగ్గాల కార్ఖానాలకు వారానికొక రోజు కరెంటు ఉండదు. అలాంటి ఒక సెలవు రోజు, బాపు పనిచేసే సేటును బతిమాలి ఆయన షెడ్డులోనే రికార్డు చేశాం. మామూలు రోజుల్లో పక్కమనిషి మాట వినపడని ఆ షెడ్డులో, ఆ ఉదయం పావురాల రెక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. కరెంటు లేదు గనుక రికార్డర్‌ను సెల్లులతోనే నడిపాం. ఉన్న ఒక్క మైకును సాంచా మీదికి తాడుతో వేలాడదీసి, చుట్టూ పదకొండు మందిమి నిలబడ్డాం. నేను వంత పాట. నా ఎడమ పక్క అక్క.

బాబాయి చెప్పింది ఒక్కటే: “అమ్మాయీ, ఎవర్నీ చూడకు. ఆ తిరిగే చక్రం వంక చూసి పాడు, చాలు.”

రెండు క్యాసెట్లు, నాలుగు వైపులు. తప్పు పోతే మళ్ళీ మొదటినుంచి పాడుకునే వీలు లేదు. తబలా వాయించే మా మేనమామ మధ్యలో దగ్గాడు, అదీ అందులో ఉంది. నాలుగో వైపు మొదలయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది, రేకుల కింద అందరం చెమటతో తడిసిపోయాం. అక్క కళ్ళు మూసుకుని రాజును నిలదీసింది. రాజు వేషం కట్టిన మా బావ, తాను బదులు పాడవలసిన చోట ఒక్క క్షణం నోరు తెరిచి ఉండిపోవడం నేను నా కళ్ళతో చూశాను. ఆ గొంతు ఆ షెడ్డులో ఎలా మోగిందో చెప్పడానికి ఆనాటివాళ్ళలో ఈ రోజు మిగిలింది ముగ్గురమే.

ఆ సాయంత్రం బాబాయి గదిలో కరెంటు మీద మొదటి వైపు మాత్రమే విని, బాగా వచ్చిందని సంతోషపడి ఇళ్ళకు వెళ్ళాం. వారం తిరగకుండా బాబాయికి బదిలీ అయింది. క్యాసెట్లు చేతులు మారి, నకళ్ళు తయారై, టీ హోటళ్ళలోనూ గదుల్లోనూ ‘కరువు కోట’ మోగిపోయింది. మూడు వైపులు విని జనం పొంగిపోయేవాళ్ళు. నాలుగో వైపు పెట్టగానే నవ్వు. అక్క గొంతు సన్నగా, కీచుగా, గాభరాపడి పరిగెత్తినట్టు వినపడేది. అందుకే చెప్పాం, దర్బారులో పాడడం ఆడపిల్ల వల్ల అయ్యే పనేనా అన్నారు పెద్దలు. అదే టేపులో రాజు గొంతూ పలచబడింది. రాజుకు పాడరాదని మాత్రం ఒక్కరూ అనలేదు.

నా గొంతు అది కాదు అని అక్క ఇంట్లో ఒకటి రెండుసార్లు చెప్పింది. టేపు అబద్ధం చెబుతుందా అన్నాడు బాపు. నేను పక్కనే నిలబడి విన్నదాన్ని, నాకు తెలుసు. అయినా మైకు ముందు భయపడి ఉంటుందిలే అని నేను కూడా నమ్మేశాను. నా తప్పు అక్కడ ఉంది, దాచుకోను. ఆ తర్వాత అక్క బతుకమ్మ దగ్గర కూడా నోరు విప్పలేదు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, చీరల దారాలు కత్తిరిస్తూ అదే గోడాదరాలో ముసలిదైంది. తన పిల్లలను కూడా పాట పాడకుండానే నిద్రపుచ్చింది.

చీటీ వచ్చిన మర్నాడు ఆ క్యాసెట్లు తీసుకుని ఉధ్నాలో పెళ్ళి వీడియోలకు పాటలు కలిపే ఒక చిన్న స్టూడియోకు వెళ్ళాను. నడిపేది నా దగ్గర చదువుకున్న ఒకామె కూతురు. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. పద్యాల అర్థం ఆ అమ్మాయికి ఒక్క ముక్క తెలియదు. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాలుగో వైపును రెండుసార్లు విని, నావైపు తిరిగి అడిగింది.

“టీచరమ్మా, మధ్యల హార్మోనియం బదల్ చేసిండ్రా?”

“లేదమ్మా. ఒకటే ఉండె.”

“మరి దాని సుర్ మెల్లమెల్లగ పైకి పోతున్నది. హార్మోనియం పేటీ తనంతట తాను అట్ల పోదు గద. సెల్లులు డౌన్ అయినయి. రికార్డ్ అయ్యేటప్పుడు టేప్ ధీమా, అంటే స్లోగ తిరిగింది, గందుకే వినేటప్పుడు అంతా ఫాస్ట్. ఆమె గొంతుల ఖరాబీ ఏం లేదు.”

హార్మోనియం మెట్లు ఎక్కడివక్కడ ఉంటాయని నాకు తెలియదా? నలభై ఏళ్ళలో ఎన్నిసార్లు విన్నాను, ఒక్కసారి కూడా ఆ వైపు చెవి పెట్టలేదు. అందరం ఆడపిల్ల గొంతులోనే తప్పు వెతికాం. ఆ అమ్మాయి నాలుగు రోజులు కూర్చుని, మొదటి వైపులోని హార్మోనియం శ్రుతిని పట్టుకుని, దానికి సరిపోయేలా చివరి వైపు వేగాన్ని అడుగడుగునా తగ్గించుకుంటూ వచ్చింది. టేపు బుసను తీసేసింది. మేనమామ దగ్గు కూడా తీసెయ్యమంటారా అంటే వద్దన్నాను.

అక్కను ఆటోలో తీసుకెళ్ళాను. ఎందుకో చెప్పలేదు, చెబితే రాదు. దర్బారు పద్యం మొదలైంది. ఆ బరువైన గొంతు, ఎక్కడా తొందర లేకుండా, ఒక్కొక్క మాటనూ రాజు ముందు పెడుతూ ఆ చిన్న గదినంతా నింపేసింది. నేను ఏడ్చాను. అక్క ఏడవలేదు. చివరిదాకా విని, కొంగుతో ముఖం తుడుచుకుని, నావైపు చూసి అన్నది:

“అప్పుడే చెప్పిన, అది నా గొంతు కాదని. ఒక్కళ్ళన్న విన్నరా?”

తిరిగి ఆటో ఎక్కుతూ తానే, “హాల్ల పెట్టుమను. నేనొచ్చి ముందల కూసుంట” అంది.

పెట్టారు. మరిది ముందు నసిగాడు గాని, ఒక్క పద్యం ఫోన్‌లో వినిపించగానే మాట మార్చుకున్నాడు. నలభై ఏళ్ళ కిందట ఆమెను ఎక్కనివ్వని సంఘం ఇప్పుడు కట్టుకున్న హాల్లో, అక్క ముందు వరసలో నిటారుగా కూర్చుంది. రెండు గంటల నాటకం కదా, చిన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. వాళ్ళను తప్పుపట్టను, వాళ్ళకు ఆ తెలుగు అందదు. మిగిలినవాళ్ళం వంత అందుకున్నాం. ఆనాడు నవ్వినవాళ్ళలో బతికి ఉన్న ఒక పెద్దాయన అక్క దగ్గరికి వచ్చి ఏదో అనబోయాడు. అక్క ఆయనకు కుర్చీ చూపించి, “కూసో. ఇంక అయిపోలే” అంది.

ఇప్పుడు మా ఆడపిల్లలు అదే హాల్లో మైకు పట్టుకుని పాడుతున్నారు, ఎవరినీ అడగనక్కర లేకుండా. చూస్తే సంతోషంగానే ఉంటుంది. కాని రెండు గంటలు కదలకుండా కూర్చుని పద్యం వినే జనం మాత్రం వెళ్ళిపోయారు, పద్యాలు కట్టే పెద్దబాపులూ వెళ్ళిపోయారు. మీ ఇళ్ళలో అటకల మీద అలాంటి క్యాసెట్లు ఉంటే, బాగాలేదని ఎవరు చెప్పినా నమ్మి పారేయకండి. తప్పు గొంతుదో యంత్రానిదో ముందు తేల్చుకోండి. పెద్దబాపు నాటకాలు నా దగ్గర ఇంకా రెండు ఉన్నాయి, అవీ చేయించి తీరతాను.

అక్క ఇప్పుడు పాడే స్థితిలో లేదు. నాలుగు మాటలకే ఆయాసం వస్తుంది. ఒక జీవితమంతా పాడవలసిన గొంతులో మనకు మిగిలింది ఒక్క పూట పాటే. ఆ ఒక్క పూటనైనా అది ఉన్నది ఉన్నట్టుగా నలుగురికీ వినిపించడానికి, నాకు ఇక ఏ సంఘం అనుమతీ అక్కరలేదు.