కాళ్ళు పిసికే వంతు

జెబెల్ అలీ లేబర్ క్యాంపులో, మెస్సు వెనక ఇసుకలో, ప్రతి శుక్రవారం సాయంత్రం కుస్తీలు జరిగేవి. అక్కడ వయసుకు విలువ లేదు, ముందొచ్చినవాడన్న మర్యాదా లేదు. ఓడినవాడు గెలిచినవాడి కాళ్ళకు నూనె రాసి పిసకాలి, లంగోటా ఉతకాలి, అతని తర్వాతే స్నానానికి వెళ్ళాలి. ఎండాకాలంలో ట్యాంకరు నీళ్ళు చివరివాడిదాకా మిగిలేవి కావు.

ప్రొద్దుటూరు జిలానీ బాషా పగలు రేవులో ఓడల మీది కంటెయినర్లు కదలకుండా ఇనుప కడ్డీలు బిగించేవాడు. క్యాంపులో అందరికంటే పాతవాడు. పెద్ద వస్తాదు ఎన్నడూ కాలేదు గాని, అతని కింద ఎవడో ఒకడు ఎప్పుడూ ఉండేవాడు. కొత్తవాళ్ళు ఒక్కొక్కరే అతన్ని దాటిపోయారు. 2005 వేసవికి అతని కింద మిగిలింది తౌసీఫ్ ఒక్కడే. అక్క కొడుకు. వీసా తెప్పించిందీ, మొదటి పట్టు నేర్పిందీ జిలానీయే.

"ఈ వారం మీకూ మేనల్లుడికీ జోడీ అండి," అన్నాడు అంజిబాబు. కాకినాడ మనిషి, కుస్తీలకు తీర్పు చెప్పే ఫోర్‌మన్. "పిల్లనివ్వకుండానే అల్లుడి కాళ్ళు పట్టేట్టున్నారు, బాషాగారూ!"

అందరూ నవ్వారు. తాను ఎత్తుకొని ఆడించినవాడి కాళ్ళు పదిమందిలో పట్టుకోవాలన్న ఊహకే జిలానీకి ఆ వారం అన్నం సయించలేదు.

శుక్రవారం పట్టు పడగానే తౌసీఫ్ బలం తెలిసిపోయింది. నడుం కింద చెయ్యి దూర్చి ఎత్తాడు. జిలానీ పాదాలు ఇసుక వదిలాయి. ఇక పడటమే అనుకుంటుండగా ఆ చేతులు వదులయ్యాయి. తౌసీఫ్ కాలు జారినట్టు వెల్లకిలా పడ్డాడు. జిలానీ అతని రెండు భుజాలూ ఇసుకకు ఆనించాడు. తెలిసే ఆనించాడు.

ఎవరూ ఈల వెయ్యలేదు.

"ఖలాస్. బాషాగారే," అని అంజిబాబు మొహం తిప్పుకున్నాడు.

జిలానీ ముందుగా స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. తౌసీఫ్ నూనె తెచ్చి అతని పిక్కలు పట్టాడు.

"గట్టిగా పిసకరా. జరమొచ్చినోనికి పిసికినట్లు పిసుకుతాండావేంది?"

"నొప్పి పుడతాదేమో మామా."

పై మంచాలవాళ్ళు చూడనట్టే చూస్తున్నారు. జిలానీ కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. దిగి నేల మీద కూర్చున్నాడు.

"నీ కాళ్ళు చాపు."

"వద్దు మామా! గెలిచింది నువ్వు గదా."

"చాపు వస్తాదూ. ఈ పని నాకేం కొత్త గాదులే."

తౌసీఫ్ కదల్లేదు. జిలానీయే అతని మడమ పట్టుకుని ఒళ్ళోకి లాక్కున్నాడు. తౌసీఫ్ గోడవైపు తిరిగిపోయాడు. జిలానీ తల వంచుకుని, ఎముకకు తగిలేలా గట్టిగా పిసకసాగాడు.