నడుం మీద చెయ్యి

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే బావ ఫోన్ చేసి మా మేనత్త పోయిందని చెప్పాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మట్టి చేసి వచ్చిన మర్నాడే మళ్లీ ఫోన్. దశదిన కర్మకు ఇంద్రేశం రోడ్డు మూలమీద అమ్మ ఫ్లెక్సీ కట్టాలి, ఆధార్ ఫొటోలోంచి తల తీసి పట్టుచీర ఒంటికి అతికించు అన్నాడు.

ముత్తంగిలో నాకు ఫొటో స్టూడియో ఉంది. పోయినవాళ్లకు మేం చేసేది అదే. తల ఒకటి దొరికితే చాలు. పట్టుచీరలు, కోట్లు తొడిగిన ఒళ్లు కంప్యూటర్‌లో తయారుగా ఉంటాయి. ఈ చుట్టుపక్కల ఎంతమంది తల్లులు ఒకే ఒంటితో గోడలకు వేలాడుతున్నారో నాకే తెలుసు. కానీ మా అత్తకు ఆ పని చెయ్యనన్నాను.

ఆమె మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. ఒకసారి నేను కొత్త లైట్లు తెచ్చి, వెలుగు చూసుకోవడానికి కాసేపు నిలబడమన్నాను. తర్వాతి ఆదివారం పిలవకుండానే వచ్చింది, మళ్లీ తియ్యమని. అప్పటినుంచి ఆదివారాలు మావే. ఇంట్లో బీరువా అద్దం ముందు మెడ ఎటు తిప్పాలో చూసుకుని మరీ వచ్చేది. చెప్పులు విడిచేది, కాలికి నేల తగలకపోతే నిలబడ్డట్టే ఉండదని. నవ్వమంటే కస్సుమనేది. ఇది కాదు, ఇంకోటి తియ్యి అని నన్ను సతాయించేది. చేతులకు పని చెప్తే ముఖం దానంతటదే మాట్లాడుతుందనేది. ఆ మాట పట్టుకునే ఇప్పటికీ పెళ్లికూతుళ్లను నిలబెడుతున్నాను.

ఈ వయసులో ఈ షోకులేందని వాడకట్టంతా నవ్వింది. ఆమె లెక్కచెయ్యలేదు.

"కంపెనీల లైన్ మీద నిలబడేది వాళ్ల కోసం. ఈడ నిలబడేది నా కోసం," అంది నాతో.

ఒకరోజు నేను ఎవరో ముసలామె తలకు పట్టుచీర అతికిస్తుంటే వెనక నిలబడి చూసింది. ఆ ఒళ్లు ఎవరిదని అడిగింది. ఎవరిదీ కాదన్నాను.

"నేను పోయినంక నా తలకింద వేరేటోళ్ల ఒళ్లు పెట్టకు బిడ్డా. ఇన్నొద్దులు నిలబడ్డది నేను."

పెట్టనని మాటిచ్చాను.

అందుకే ఆమెకు అన్నిట్లోకీ నచ్చిన ఫొటో బయటికి తీశాను. కంపెనీ నీలం ఏప్రాన్, ఒక చేతిలో అప్పుడే తీసిన టోపీ, ఇంకో చెయ్యి నడుం మీద. చూడగానే బావ మండిపడ్డాడు. చచ్చిన మనిషి నడుం మీద చెయ్యేసుకుని నిలబడితే నలుగురూ ఏమనుకుంటారు, మా అమ్మకు ఒక్క పట్టుచీర కూడా దక్కనియ్యవా అన్నాడు. ఆ చివరి మాటకు నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా తగ్గలేదు.

"అత్త గట్లనే నిలబడ్డది బావా. నేను మార్చ."

వేరే స్టూడియోకు పోతాడనుకున్నాను. పోలేదు. నాతో మాట్లాడనూ లేదు.

కర్మ రోజు తెల్లారగానే నేనే నిచ్చెన వేసుకుని ఫ్లెక్సీ కట్టాను. కంపెనీలకు పోయే ఆడవాళ్లు షేర్ ఆటో ఆపించి మరీ చూశారు. కాసేపటికి బావ బంతిపూల దండతో వచ్చాడు. నా వైపు చూడకుండా నిచ్చెనెక్కి దండ వేశాడు, దిగి దూరంగా నిలబడ్డాడు. దండ కిందికి జారి అత్త చేతిని కప్పేసింది.

బావ మళ్లీ నిచ్చెనెక్కాడు. నడుం మీది చెయ్యి కనబడేలా దండను పక్కకు లాగి, దారంతో గట్టిగా కట్టాడు.