అమ్మ గీకేసిన నెమలి

ఇవాళ మా రోల్డుగోల్డు నగల ఓనరుగారి ఇంటికి వెళ్తే, వాళ్ళమ్మాయి ఖాళీ హార్లిక్స్ సీసాకి రాళ్ళు అంటిస్తూ వీడియో తీసుకుంటోంది. ఆ గమ్ము వాసనకి ఒళ్ళు మండిపోయింది.

చిలకలపూడిలో నాతో పెరిగినవాళ్ళూ, గుర్తుందా? మన అమ్మలు ఇంట్లోనే రోల్డుగోల్డు నగలకి రాళ్ళు అతికేవాళ్ళు. విరిగిన రాళ్ళు చెత్తలోకే. మా అమ్మ వాటిని ఏరి, గాజుముక్కలు కలిపి, హార్లిక్స్ సీసా మీద నెమలిని చేసింది. సరుకు తీసుకెళ్ళడానికి వచ్చిన ఓనరమ్మగారు చూశారు.

"ఏమే, మా రాళ్ళు నొక్కేసి సోకులు చేస్తున్నావా?"

"విరిగినవండీ, ఊడ్చేసినవే."

"అయితే గీకెయ్."

అమ్మ ఆవిడ ముందే కత్తితో నెమలిని గీకేసింది.

ఇవాళ అదే ఓనరమ్మగారు కూతురి సీసా చూపించి, "చేతిలో ఎంత కళ ఉందో చూడరా!" అన్నారు. కళంట!

మా సీసాలో ఇప్పుడు చింతపండు ఉంటోంది. దాని మీద గమ్ము మరక ఇంకా నెమలిలాగే ఉంది.