నాలుగు స్క్రూలేగా

ఆ వీధిలో అందరూ ఆయన్ని స్క్రూల బాబాయ్ అంటారు. వడ్రంగి. ముప్పై ఏళ్ళుగా తిరిగిన చెయ్యి. చొక్కా జేబులో ఎప్పుడూ గుప్పెడు స్క్రూలుంటాయి. ఉతికే ముందు జేబులు తడమడం మర్చిపోతే ఇంట్లో పెద్ద గొడవే.

మనిషి బంగారం. చిక్కంతా అక్కడే. గుమ్మంలో నిలబడి "బాబాయ్, తలుపు ఊగుతోంది, నాలుగు స్క్రూలేగా" అంటే చాలు, కంచం ముందు నుంచైనా లేచిపోతాడు. డబ్బులడగడు. ఎవరైనా ఇవ్వబోయినా "నాలుగు స్క్రూలకి డబ్బులేంటమ్మా" అని నవ్వేసి వచ్చేస్తాడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా! మొహమాటానికి పోతే ఏమవుతుందో ఇంకో సామెత కూడా ఉంది కానీ, పెద్దాయన్ని పట్టుకుని అది అనడం బాగోదు.

ఆయన భార్య ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుడుతుంది. గిన్నెల సబ్బు పడక ఆమె వేళ్ళు పగిలిపోయేవి. పగిలిన చోట దారం తగులుకుంటే ప్రాణం జివ్వుమనేది. అందుకని ఇద్దరూ కూడబెట్టుకుని గిన్నెలు కడిగే మెషీన్ కొన్నారు. ఆయన వంటగది గట్టు కింద దానికో గూడు కట్టి, అల్మారా తలుపుల్లో కలిసిపోయేలా ముందు ఓ చెక్క పలక బిగించాడు. వచ్చిన చుట్టాలు మెషీన్ ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. చూపించమని అడగకపోయినా ఈయనే చూపించేవాడు. ఆమె వేళ్ళు మానాయి. కుట్టు పని పెరిగింది.

ఎనిమిదో నెలలో మెషీన్ నీళ్ళు కక్కడం మొదలెట్టింది. కొట్టు తరఫున మెకానిక్ వచ్చి చూసి, లోపలి తొట్టి ఫ్యాక్టరీలోనే సరిగ్గా అతకలేదని కాగితం మీద రాసిచ్చాడు. కొట్టువాళ్ళు కొత్తది ఉచితంగా ఇస్తామన్నారు. ఇద్దరూ సంతోషపడేలోపే ఇంకో మాట వచ్చింది: పాతది ఊడదీయడం, కొత్తది బిగించడం మీ ఖర్చే.

"దానికేముంది, నాలుగు స్క్రూలేగా. నేనే బిగించేస్తా," అని ఆయన స్క్రూడ్రైవర్ తీశాడు.

ఆమె టక్కున లాక్కుంది. "ముట్టుకున్నారంటే చూడండి!"

అప్పటికే ఆమె వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫోన్ చేసేసింది. అక్కడావిడ విడమరిచి చెప్పింది. లోపమున్న సరుకు అమ్మింది వాళ్ళు. మీరు పద్ధతిగా బిగించుకుని వాడుకున్నారు. కాబట్టి దాన్ని తీసి మంచిది పెట్టే భారం కూడా వాళ్ళదే. ఆ మాటే ఉత్తరం రాసివ్వండి. వాళ్ళకి అవకాశం ఇవ్వకుండా మీరే ఊడదీశారో, మీ చేతిలోనే పాడైందని ప్లేటు ఫిరాయిస్తారు, జాగ్రత్త.

"సరే, అందాకా గిన్నెలు ఎవరు తోముతారు?" అన్నాడాయన.

"మీ చేతులు ఊరుకోవట్లేదుగా. రండి."

అలా, ఆమె కొట్టుకి రాసిచ్చిన ఉత్తరానికి జవాబు రాని తొమ్మిది రోజులూ స్క్రూల బాబాయ్ గిన్నెలు తోమాడు. చెక్కకి చిత్రిక పట్టినట్టు, ఒకే దిక్కుకి. కిటికీలోంచి పక్కింటావిడ చూసి నవ్వుతుంటే, మసిగుడ్డ భుజాన వేసుకుని ఏదో కొలుస్తున్నట్టు నటించేవాడు. నాలుగో రోజు పొద్దున్నే పిల్లిలా లేచి స్క్రూడ్రైవర్ కోసం ఇల్లంతా వెతికాడు. అది కుట్టుమిషన్ సొరుగులో ఉంది, తాళం వేసి. ఆమెకి మొగుడి సంగతి తెలియదా ఏంటి!

పదో రోజు ఇద్దరూ కొట్టుకి వెళ్ళారు. మేనేజర్ ముందు ఆమె మెకానిక్ రాసిచ్చిన కాగితం, తను రాసిన ఉత్తరం నకలు పెట్టింది. అతను రెండూ చదివాడు. తప్పని అనలేదు, ఒప్పని అనలేదు. ఆమెని వదిలేసి ఈయన వైపు తిరిగి చనువుగా నవ్వాడు.

"మేడం కోపంలో ఉన్నారు, పోనీండి. సార్, మీరు కార్పెంటర్ అట కదా! మీకిదో పనా? నాలుగు స్క్రూలేగా!"

అది ఆయన మాటే. ముప్పై ఏళ్ళుగా తనే నవ్వుతూ వీధంతా పంచిపెట్టిన మాట. ఎదుటివాడి నోట్లోంచి వచ్చేసరికి చెంప మీద కొట్టినట్టయింది. భార్య వైపు చూశాడు. ఆమె నోరు విప్పలేదు. విప్పితే ఆ మేనేజర్‌ని నిలబెట్టి కడిగేయగలదు. కానీ ఈ ఒక్క మాటకి మాత్రం జవాబు ఆయనే చెప్పాలని ఆమె పట్టుదల.

"సార్," అన్నాడాయన. "నేను చేసిన తలుపు వంకరపోతే నేనే వెళ్ళి తీసి, సరిచేసి, మళ్ళీ బిగించి వస్తా. తీసినందుకింత, బిగించినందుకింత అని అడగను. తలుపు నాది, తప్పు నాది, పనీ నాదే. ఈ మెషీన్ మీది కదా?"

"అబ్బే, అది కాదు సార్, నాలుగు స్క్రూలకి..."

"నాలుగు స్క్రూలే అయితే మీ మనిషిని పంపడానికి మీకెందుకంత బాధ?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజర్ దగ్గి, సర్దుకుని, రేపు పదింటికి మనిషిని పంపుతామని రాసి సంతకం పెట్టాడు.

మర్నాడు కొట్టు మనిషి వచ్చాడు. బాబాయ్ స్టూలు మీద కూర్చున్నాడు, చేతులు తొడల కింద పెట్టుకుని. పాపం, అదే ఆయనకి పెద్ద శిక్ష. పలక తీస్తుంటే ఓసారి, వాలు చూడ్డానికి రసమట్టం పెడుతుంటే ఓసారి లేవబోయాడు. ఆమె కళ్ళెర్రజేస్తే కూర్చున్నాడు. ఇక చేసేదేం లేక స్క్రూలు లెక్కపెట్టాడు. ఇరవై రెండు! రెండు గంటల పని! ఎన్నడూ లెక్కపెట్టలేదేంటి తను?

అతను వెళ్తూ చీటీ ఇచ్చాడు. "పాతది తీయడం, కొత్తది బిగించడం. రెండు గంటల పని. ఖర్చు కొట్టుది." అది ఆయన రెండుసార్లు చదివాడు. తను చేసే పని కాగితం మీద పనిగా రాసుండగా చూడటం అదే మొదలు. మడిచి, జేబులో స్క్రూల పక్కన పెట్టుకున్నాడు.

సాయంత్రం గేటు దగ్గర్నుంచి పక్కింటావిడ కేకేసింది. "బాబాయ్, మా అల్మారా తలుపు ఊడొచ్చింది. నాలుగు స్క్రూలేగా, ఓసారి రావా?"

లోపల కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయింది.

ఆయన జేబు తడుముకున్నాడు. "వచ్చి లెక్కపెట్టి చెప్తానమ్మా," అన్నాడు. "కూలి ఎంతో కూడా అప్పుడే చెప్తా."

"అలాగే బాబాయ్," అందావిడ, అదేమంత వింత కాదన్నట్టు. "అసలు నువ్వు తీసుకోవనే, మొహమాటపడి ఇన్నాళ్ళూ మా కిటికీ సంగతి చెప్పలేదు. అదీ చూద్దువుగాని."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆయనకి తెలియని సామెతేం కాదు. ఆయన గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. లోపల మిషన్ మళ్ళీ టకటకా మొదలైంది. ఆ చప్పుడు మధ్యలోంచి భార్య గొంతు వినపడింది:

"ఏవండీ, స్క్రూడ్రైవర్ సొరుగులో ఉంది. తాళం తీశాను."