పోయొస్త అన్నందుకు

తల్లి ‘పోయొస్త’ అని చెప్పి వెళ్లి ప్రమాదంలో చనిపోతే, ఆ నాలుగేళ్ల పాప దగ్గర సెలవు తీసుకునేటప్పుడు ఏమనాలి? జవాబు ఇప్పటికీ తెలియదు. చేవెళ్లలో పిల్లల కౌన్సెలర్ సింధుజ అలవాటుగా ఆ మాటే అనేసింది. పాప వెన్నెల ఆమె చున్నీ వదలకుండా ఏడ్చింది.

మర్నాడు మొయినాబాద్ నుంచి పెద్ద కౌన్సెలర్ అరుణజ్యోతి సింధుజ ఆఫీసుకు వచ్చింది.

“నాతోని కాదు మేడం, ఈ పని మానేస్త,” అంది సింధుజ.

“మానేద్దువుగాని, రాత్రి తిన్నవా?”

సింధుజకు ఏడుపొచ్చింది. అరుణజ్యోతి తప్పు పట్టలేదు. ఏడుపు ఆగేదాకా పక్కనే కూర్చుంది.

“మనందరి నోట్ల ఉన్న మాటేనాయె. ఇంకేమనాలెనో నాకు గూడ తెల్వది బిడ్డా. ఇద్దరం ఆలోచిద్దాం, జర చాయ్ తాగు.”

అంతలో నానమ్మ చెయ్యి పట్టుకుని వెన్నెల గుమ్మంలోకి వచ్చింది.

“అక్కా, వచ్చినవా?”

సింధుజ చాయ్ అక్కడే పెట్టి, అరుణజ్యోతికి చెప్పకుండానే లేచి పాప వెంట వెళ్లిపోయింది.