అత్తా అనకే, ఆంటీ అను

మా నాన్న సొంత చెల్లెలు ఢిల్లీలో, ద్వారకలో ఉంటుంది. కోచింగ్ కోసం ఢిల్లీ వచ్చిన నేను, ఆవిడ పప్పుచారు కోసం ఆదివారాలు వెళ్ళేదాన్ని. బయట ఎవరైనా ఎదురైతే చాలు, నా మణికట్టు నొక్కేది. "అత్తా అనకే, ఆంటీ అను."

ఒకసారి లిఫ్ట్‌లో అత్తావాళ్ళ పక్కింటావిడ నన్ను చూసి "యే కౌన్ హై?" అంది.

"హమారే గావ్ కీ లడ్కీ," అంది అత్త, నా మణికట్టు పట్టుకుని నొక్కుతూ.

ఊరమ్మాయినట! ఒళ్ళు మండింది. అక్కడే ఫోన్ తీసి ఆంటీ అన్న మాట ఎక్కడిదో వెతికాను. లాటిన్‌లో దాని మూలానికి అర్థం నాన్న తోబుట్టువట.

"అంటే మేనత్తేగా, ఆంటీ?" అన్నాను, గట్టిగా.

అత్త నా మణికట్టు వదిలేసింది.

"అచ్ఛా. వచ్చే ఆదివారం మేం ఊళ్ళో ఉండం."

ఆ తర్వాత ఏ ఆదివారమూ వాళ్ళు ఊళ్ళో లేరు.